ఆయుధ పూజకు ఒక విమానం

మొదటి రోజు భోజనాల బల్ల దగ్గర ఉన్నవాళ్లు: మా పెదనాయన, మా పెద్దమ్మ, నేను. బల్ల మీద ఉన్నవి: మూత తీసిన కిట్టు పెట్టె, అందులోంచి తీసి పరిచిన బూడిద రంగు ప్లాస్టిక్ చట్రాలు, వాటికి చింతకాయల్లా అతుక్కుని ఉన్న విమానం ముక్కలు, కాక్‌పిట్ మూత ఉన్న గాజులాంటి చిన్న చట్రం, నా కటింగ్ ప్లయర్, సన్న కత్తి, మూడు రకాల ఉప్పుకాగితం, జిగురు సీసా, పెదనాయన కళ్లద్దాల డబ్బా, పెద్దమ్మ ఒలుస్తున్న చెనక్కాయలు.

"ఈ ముక్కలన్నీ అతికిస్తే ఇమానమైతాదా నాయనా?" అని పెద్దమ్మ నన్ను అడిగింది.

"అవుతాది పెద్దమ్మా."

"ఒగటో రెండో మిగిలిపోతే?"

"మిగిలితే నీ మిక్సీకి బిగిద్దాంలే," అన్నాడు పెదనాయన. "అదెట్లా బల్ల మీద ఎగరతానే ఉండాది."

పెదనాయన మా నాయనకు అన్న. మీసం సరిగా రాని వయసులో చిత్తూరు నుంచి వెళ్లి వాయుసేనలో చేరాడు. మిగ్-21 ఇంజన్ల పని చూసేవాడు. అంతా నేల మీద పనే. ఆ విమానంలో ఒక్కసారి కూడా ఎక్కి ఎగరలేదు, దానికి ఉండేది ఒకటే సీటు. రిటైరయ్యాక తిరుపతిలో రేణిగుంట రోడ్డు వైపు స్థలం కొని ఇల్లు కట్టాడు. కింద వాళ్లిద్దరు, పైన అమ్మా నాయనా నేను. ఇంటి మీదుగా రేణిగుంటలో దిగే విమానాలు పోతుంటాయి. పెదనాయన వాటికోసం తలెత్తడు. "అవి బస్సులురా," అంటాడు.

నేను సూళ్లూరుపేట దగ్గర పారిశ్రామిక వాడలో ఒక ఫ్యాక్టరీలో విడిభాగాల కొలతలు తనిఖీ చేస్తాను. వెంట్రుక మందంలో సగం తేడా ఉన్నా ముక్కను పక్కన పెట్టడం నా ఉద్యోగం. వారమంతా అక్కడే గది, శనివారం సాయంత్రానికి తిరుపతి. ఆదివారాలు నమూనా విమానాలు చేస్తాను. చేస్తాను అనడం కన్నా మొదలుపెడతాను అనడం సరైన మాట. అటక మీద అప్పటికి ఏడు ఉండేవి. ఒకదానికి రెక్కలు లేవు, ఒకదానికి రెక్కలున్నాయి గానీ రంగు లేదు, మూడింటికి రంగు వేసి నచ్చక గీకేశాను. మిగిలిన రెండింటి సంగతి వద్దు. కొలతల పని చేసేవాడికి ఇంట్లో కూడా ఏదీ ముగిసినట్టు కనిపించదు.

ఈ ఎనిమిదోది నేను మొదలుపెట్టింది కాదు, పెదనాయన మొదలుపెట్టించింది. మిగ్-21లను ఈ ఏడాదితో సేవ నుంచి తప్పిస్తున్నారని టీవీలో చెప్పిన రోజు ఆయన అన్నం తింటూ ఆపి చూశాడు. వార్త అయిపోయాక మళ్లీ ముద్ద కలుపుతూ, "ఈ తూరి ఆయుధ పూజకి వాటికి బొట్టు పెట్టేవోళ్లు ఉండరు," అన్నాడు.

వాళ్ల యూనిట్‌లో ప్రతి ఏటా ఆయుధ పూజ చేసేవాళ్లట. హ్యాంగరు కడిగి, పనిముట్లన్నీ తుడిచి వరసగా పేర్చి, విమానాలకు బొట్లు పెట్టేవాళ్లు. ఎక్కడెక్కడి వాళ్లో ఉండేవారు గానీ గంధం కలిపే పని మాత్రం ఈయనదే. రిటైరైనప్పటి నుంచి ఆయన ఆయుధ పూజ ఒక స్కూటరుకు, ఒక పానాల పెట్టెకు, పెద్దమ్మ కుట్టుమిషనుకు కుదించుకుపోయింది.

"ఒరే, నువ్వు బొమ్మ ఇమానాలు జేస్తావు గదా," అన్నాడు ఆ రోజు నాతో. "నా ఇమానం ఒగటి జేసియ్యి. ఈ పండక్కి మనింట్లో పెట్టి పూజ జేద్దాం. ఆడ ఎవురూ పెట్టకపోతే ఈడ నేను పెడతా."

"బొమ్మ కాదు పెదనాయనా, నమూనా."

"ఏందో ఒగటి. ముందు పూర్తిగా జెయ్యి. నీ అటక మీదికి పోయేదైతే నాకొద్దు."

కిట్టు కొని తెచ్చాక పండగ నుంచి వెనక్కి లెక్క వేశాను. చివరి ఆదివారం వార్నిష్. దానికి ముందుది నంబర్లు, గుర్తులు. దానికి ముందు రెండు వెండి రంగుకు. ఇట్లా లెక్కిస్తూ వస్తే ఆ రోజే మొదలుపెట్టాలని తేలింది. మధ్యలో ఒక్క ఆదివారం కూడా మిగల్లేదు. అందుకే భోజనాల బల్ల ఖాళీ అయ్యేదాకా ఆగకుండా చెనక్కాయల పక్కనే పరిచాను.

అసలు విమానాన్ని నలభై ఎనిమిదో వంతుకు తగ్గిస్తే అడుగు పొడవు వస్తుంది. మొదట చేయాల్సింది కాక్‌పిట్, ఎందుకంటే తర్వాత దాన్ని లోపల పెట్టి మూసేయాలి. అక్కడే మొదటి తగువు. నా దగ్గరున్న ఫొటోల్లో లోపలి గోడలు నీలం కలిసిన పచ్చ. పెదనాయన కాదు, ఉత్త నీలమే అన్నాడు. ఫొటో చూపించాను.

"ఫొటో రంగు మారింటాది," అన్నాడు.

"నువ్వు ఇంజను మనిషివి కదా పెదనాయనా, లోపల కూర్చున్నావా?"

"కూర్చోకపోతే? నిచ్చెన మీద నిలబడి తొంగి సూస్తే కనపడదా?"

ఇంటర్నెట్‌లో ఇంకో నాలుగు ఫొటోలు వెతికాను. రెండు ఆయన పక్షం, రెండు నా పక్షం. చివరికి నేను అనుకున్న పచ్చే వేశాను, గాజు మూత బిగిస్తే ఆ చీకట్లో తేడా ఎవరికీ అంతగా కనిపించదు కనుక. ఆయన ఇప్పటికీ అది తప్పనే అంటాడు. ఎవరిది తప్పో నాకు తెలియదు.

రెండో సమస్య బరువు. ఈ నమూనా మూడు చక్రాల మీద నిలబడాలి. ముక్కులో బరువు లేకపోతే తోక కింద పడి ముక్కు పైకి లేస్తుంది. కిట్టు కాగితంలో బరువు పెట్టమని ఉంది గానీ ఏం పెట్టాలో లేదు. నాతో పనిచేసే అతనిది పులికాట్ ఒడ్డున ఒక పల్లె. వాళ్లింట్లో వలల అంచుకు కట్టే సీసం గుండ్లు ఉంటాయని అడిగితే గుప్పెడు తెచ్చిచ్చాడు. "చేపలకి గాదా? ఇమానానికా?" అని రెండుసార్లు అడిగి ఇచ్చాడు. వాటిని సుత్తితో సాగగొట్టి, ముక్కు లోపల జిగురుతో అంటించాను. ఆ వారం పెద్దమ్మ విమానాన్ని చేతిలోకి తీసుకుని, "గట్టిగానే ఉండాదే!" అని మెచ్చుకుంది. ప్లాస్టిక్ మీద ఆమెకు అంతకుముందు గౌరవం లేదు.

రెండు సగాలు కలిపాక మధ్యలో మిగిలే గీతను పుట్టీతో పూడ్చి, ఉప్పుకాగితంతో రుద్ది, మళ్లీ పూడ్చి రుద్దాలి. నా ఏడు విమానాల్లో మూడు ఇక్కడే ఆగిపోయాయి. ఈసారి నేను నాలుగోసారి పుట్టీ తీస్తుంటే పెదనాయన కళ్లద్దాలు పెట్టుకుని చూసి, "యాడ్రా గీత? నాకు కనపడ్లేదే," అన్నాడు.

"వేలితో తాకితే తెలుస్తాది."

"బొట్టు పెట్టేటప్పుడు తాకతాలే. ఇంక కానియ్యి, రంగు ఎయ్యి."

వెండి రంగు అన్నిటికన్నా కష్టం. పెదనాయన కాలపు మిగ్‌లకు అసలు రంగే లేదు, లోహం మెరుపే. ప్లాస్టిక్‌ను లోహంలా కనిపించేలా చేయాలంటే ముందు నిగనిగలాడే నల్ల రంగు వేసి, ఆరాక దాని మీద అల్యూమినియం రంగు పల్చగా పట్టించాలి. నలుపు మీద దుమ్ము నలుసు ఉన్నా వెండి దాన్ని రెండింతలు చేసి చూపిస్తుంది. మా వీధిలో సిమెంటు రోడ్డు సగమే వేశారు, మిగతా సగం దుమ్మంతా మా ఇంటికే వస్తుంది. అందుకని పెద్దమ్మ వాళ్ల స్నానాల గదిలో పెట్టుకున్నాను. ముందు గోడలకు, నేలకు నీళ్లు చల్లితే దుమ్ము అణుగుతుంది. కంప్రెసరు గడప బయట, రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ గొట్టం తలుపు సందులోంచి లోపలికి, ముఖానికి మాస్కు, ఎగ్జాస్టు ఫ్యాను.

"ఎంతసేపు నాయనా?" అని పెద్దమ్మ బయటి నుంచి.

"ఇంకొంచేపు పెద్దమ్మా."

"మీ పెదనాయన తొందరగా ఉండాడు."

"పైకి పోయి రమ్మను."

"ఆయనకి మెట్లు ఎక్కే తొందర గాదది."

మొదటిసారి నలుపు అద్దంలా వచ్చింది. రెండో వారం వెండి వేసే రోజు మధ్యాహ్నం వాన పడి, సాయంత్రానికి ఉసిళ్లు లేచాయి. ఎగ్జాస్టు రంధ్రంలోంచి వచ్చి బల్బు చుట్టూ తిరిగి ఒకటి ఎడమ రెక్క మీద వాలింది. కదలలేదు, తడి వెండిలో అతుక్కుపోయింది. పట్టుకారుతో తీస్తే దాని రెక్కల్లో ఒకటి మా విమానం రెక్క మీదే ఉండిపోయింది. ఇదివరకైతే మొత్తం గీకేసి అటక ఎక్కించేవాడిని. తలుపు తీసి పెదనాయనకు చూపించాను. "గాలిలో పక్షులు తగిలేవి, దీనికి ఉసిలి తగిలింది. సైజుకి సరిపోయింది," అని నవ్వాడు. ఆ చోటు వరకు రుద్ది మళ్లీ వెండి వేశాను. వెలుతురుకు అడ్డంగా పెట్టి చూస్తే తప్ప తెలియదు.

ఆ వెండి ఆరాక బల్ల మీద పెట్టిన రోజు ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని చాలాసేపు కూర్చున్నాడు. తోక వెనక ఇంజను మంట బయటికొచ్చే చోట నేను కాలిన రంగులు వేశాను: గోధుమ, ఊదా, చివర నలుపు. అక్కడ చూపుడువేలు గాలిలో తిప్పుతూ, "ఈడ చెయ్యి పెట్టి ఎన్ని తూర్లు కాల్చుకున్నానో," అన్నాడు. నా పనికి ఆయనిచ్చిన మార్కులు అవే.

తర్వాతి వారం గుర్తులు. ఇవి డెకాళ్లు: కాగితం మీద అచ్చు వేసిన పల్చటి పొరలు, నీళ్లలో నానబెడితే కాగితం నుంచి జారి వస్తాయి, వాటిని కుంచెతో జరిపి అతికించాలి. తోక మీది నంబరు పెదనాయన చెప్పినట్టు నేనే అచ్చు వేయించాను. ఆయనకు ఆ నంబరు తన ఫోను నంబరు కన్నా బాగా గుర్తుంది. రెక్కల పైనా కిందా, పక్కలా కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వలయాల గుండ్రటి గుర్తులు. అవన్నీ ఒక్క గాలి బుడగ లేకుండా కూర్చున్నాయి.

ఇక మిగిలింది వార్నిష్ ఒకటే. అది పడితే డెకాళ్లు కదలవు, నీళ్లు తగిలినా ఏమీ కాదు. కానీ చివరి ఆదివారం పొద్దుటి నుంచి ముసురు. గాలిలో తేమ ఉన్నప్పుడు వార్నిష్ వేస్తే పాలు పోసినట్టు తెల్లబడుతుంది, వెండి మెరుపు పోతుంది. పండగకు సెలవు పెట్టి ముందు రోజే ఇంటికి వచ్చాను, ఆరోజూ ఆరిన గాలి దొరకలేదు. వార్నిష్ పండగ తర్వాత వేద్దామని తీర్మానించాను. విమానాన్ని పూజ గది ముందు పీట మీద పెట్టి, ఇంట్లో అందరికీ ఒక్కొక్కరికే చెప్పాను: ఎవరూ ముట్టుకోవద్దు.

ఆయుధ పూజ పొద్దున నేను దిగి వచ్చేసరికి వాకిట్లో కడిగిన సామాన్లు వరసగా ఆరబెట్టి ఉన్నాయి. స్కూటరు, పానాలు, కత్తిపీట, పెదనాయన టార్చిలైటు, కుట్టుమిషను చక్రం, ఇత్తడి దీపాలు, పూజ పళ్లెం. దీపాలకూ పళ్లేనికీ మధ్యలో నీళ్లు కారుతూ మిగ్-21.

పెద్దమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"పెద్దమ్మా, కడిగినావా దీన్ని?"

"కడగకుండా యా సామాను పూజలో పెడతారు నాయనా? వెండి మాదిరి ఉండాదని చింతపండుతో ఒగసారి తోమినా. ఒగ పక్కే. రెండో పక్కకి చింతపండు అయిపోయింది."

"ముట్టుకోవద్దని చెప్పినా కదా!"

"ముట్టుకోవద్దన్నావు. కడగొద్దని సెప్తివా?" అంది. తర్వాత నా ముఖం చూసి, "ఏమన్నా అయిందా నాయనా?" అని మెల్లగా అడిగింది.

ఎత్తి చూశాను. చింతపండు అయిపోవడం మా అదృష్టం. తోక నంబరు ఉంది. ముక్కు మీద సూదిలా పొడుచుకొచ్చిన గొట్టం విరగలేదు. కుడి రెక్క పైన మెరుపు కొంత మసకబారింది. ఆ రెక్క పైనున్న మూడు రంగుల గుర్తు లేదు. తూము దగ్గర వెతికాను. చింతపండు పిప్పి ఉంది గానీ గుర్తు లేదు.

కోపం ఎవరి మీద చూపాలో తెలియక విమానాన్ని తుండుగుడ్డ మీద పెట్టుకుని మెట్ల వైపు నడిచాను. పెదనాయన పంచె కట్టుకుని గంధం గిన్నెతో బయటికి వస్తూ, "యాడికి తీసకపోతా ఉండావు?" అన్నాడు.

"ఈ తూరి వద్దు పెదనాయనా. గుర్తు పోయింది, రెక్క మసకబారింది. సరిజేసి వచ్చే ఏడు పెడదాం."

"వచ్చే ఏడా?"

ఆయన గిన్నె గడప మీద పెట్టి నా ఎదురుగా నిలబడ్డాడు. నా మీద కేకలేస్తాడనుకున్నాను. వేయలేదు.

"ఒరే, పూజ నాడు మా హ్యాంగర్లో ఎట్లా ఉండేటివో ఎప్పుడన్నా సెప్పినానా నీకు? ఒగదానికి చక్రం ఉండదు. ఒగదానికి ఇంజను తీసి బండి మీద పెట్టింటారు, కడుపు ఖాళీ. ఒగదానికి రెక్క రేకు ఇప్పి లోపల తీగలు కనపడతా ఉంటాయి. అన్నిటికీ బొట్టు పెట్టినాము. ఎగరలేనిదానికే ముందు పెట్టేవోడు మా సారు. నువ్వు దాన్ని పైకి తీసకపోతే ఇంగ కిందికి రాదు, నాకు తెలుసు. నీ అటక నాకు తెలీదా?"

నేను అటక గురించి వాదించలేదు. ఏడూ అక్కడే ఉన్నాయి. తిరిగి వచ్చి విమానాన్ని పీట మీద పెట్టాను.

పెద్దమ్మ గోడ పక్కన నిలబడి ఉంది. పెదనాయన ఆమె వైపు తిరిగి, "ఏమ్మే, సబ్బు నీళ్లతో కడగడం సూసినా, పెట్రోలుతో తుడవడం సూసినా. మిగ్గుని చింతపండుతో తోమినదానివి నువ్వు ఒగదానివే," అన్నాడు. ఆమె నవ్వింది. కానీ పూజ అయ్యేదాకా విమానానికి మూరెడు దూరంలోనే ఉంది.

పూజ ఆయన పద్ధతిలోనే జరిగింది. టెంకాయ విమానం దగ్గర కొట్టనివ్వలేదు, గేటు దగ్గర కొట్టించాడు. చిప్ప పెంకు చిన్నదైనా నడిచే ఇంజను లోపలికి పీల్చుకుందంటే ఇంజను పోయినట్టేనట, అందుకని హ్యాంగరు బయట కొట్టి, ముక్కలన్నీ ఏరి చూపించాకే లోపలికి వచ్చేవాళ్లట. మా గేటు దగ్గర కూడా ఏరించాడు. అమ్మ అక్షింతలు చల్లబోతే, "చల్లొద్దమ్మా, పక్కన పెట్టు. ముక్కు కంతలో పోతాయి," అన్నాడు. నిజంగానే ఆ నమూనాకు ముక్కులో గాలి దారి ఉంది, బియ్యపు గింజ పట్టేంత. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాలి గానీ నిమ్మకాయ విమానం చక్రానికి మూడింతలుంది. మూడు మిరియాలు పెట్టాడు.

తర్వాత బొట్లు. ముక్కు మీది గొట్టానికి వద్దు, గాజు మూతకు వద్దు, ఇంజను అంచుకు వద్దు. ఎక్కడ పెట్టకూడదో చెప్పుకుంటూ పోయాడు, ఎక్కడ పెడతాడో చెప్పలేదు. చివరికి కళ్లద్దాలు సర్దుకుని, కుడి రెక్క మీద గుర్తు పోయిన చోటు నన్ను చూపించమన్నాడు. పుల్ల కొసతో చూపించాను. ఉంగరం వేలితో అక్కడ గంధం గుండ్రంగా అద్ది, ఒక్క క్షణం ఆరనిచ్చి, మధ్యలో కుంకుమ పెట్టాడు. ఎడమ రెక్క మీదున్న గుర్తుతో పోలిస్తే సైజు దాదాపు సరిపోయింది, మిల్లీమీటరు వెనక్కి ఉంది అంతే. నేను జరపమనలేదు.

హారతి ఇచ్చాక ఆయన రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. మేము బొరుగులు, పుట్నాలు, బెల్లం పంచుకుని తిన్నాం. ఎదురింటి ఆటో అతను అరటి పిలకలు కట్టిన ఆటో తీయబోతూ లోపలికి చూసి, "ఏం సామీ, ఇమానం గూడా కొంటిరా?" అని అడిగాడు. "కొనలేదప్పా, కట్టించినా," అన్నాడు పెదనాయన. ఆ మాట ఆ రోజు ఇంటికి వచ్చిన ప్రతివాళ్లతోనూ అన్నాడు.

ముసురు పోయిన వారం వార్నిష్ వేశాను. కుడి రెక్కకు వేయడానికి గుర్తుల కాగితంలో ఇంకొకటి మిగిలి ఉంది, వేయమంటావా అని అడిగాను. "ఏం తక్కువైంది దానికి?" అన్నాడు. కుంకుమ రాలకుండా దాని మీద కూడా వార్నిష్ వేశాను. విమానం ఇప్పుడు కింద టీవీ పక్కన గాజు పెట్టెలో ఉంది.

దాని మీద గుండ్రటి గుర్తులు ఆరు. డెకాళ్లు ఐదు, కుంకుమ బొట్టు ఒకటి.